ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇంజిన్ ఆయిల్ మార్పించడం కారు ఉన్న ప్రతి ఒక్కరికీ అలవాటైన పనే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి అలా కాదు. అది ఎక్కడ ఉంటుందో, ఎంత పడుతుందో చాలామందికి తెలియదు. గేరు మారేటప్పుడు కారు కుదుపు ఇవ్వడమో, రివర్స్‌లో వేశాక క్షణం ఆగి కదలడమో మొదలయ్యాక గానీ దాని మీదికి ధ్యాస పోదు. అప్పటికే లోపలి క్లచ్ ప్లేట్లు ఎంతో కొంత అరిగిపోయి ఉంటాయి. కొత్త ఆయిల్ పోసినా ఆ అరుగుదల తిరిగి పూడదు. అందుకే ఈ పని గేర్‌బాక్స్ చక్కగా నడుస్తున్నప్పుడే చేయాలి.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, లెవెల్ సరిచూసే దాకా ప్రతి అడుగూ ఇక్కడ చెబుతాను. మీరే స్వయంగా చేసుకున్నా, మెకానిక్ చేత చేయించినా ఇందులో ఏ దశలో ఏం జరగాలో తెలిసి ఉండటం మంచిది. నిజానికి ఇందులో కష్టమైన పని ఏమీ లేదు. కానీ తొందరపడితే చెడిపోయే పనులు రెండు ఉన్నాయి. ఒకటి సరైన ఆయిల్ ఎంచుకోవడం, రెండోది లెవెల్ కచ్చితంగా పెట్టడం. ఈ రెండింటి దగ్గరా ఎక్కువసేపు ఆగుదాం.

ఈ ఆయిల్ లోపల ఏం చేస్తుంది

ఇంజిన్ ఆయిల్ ప్రధానంగా రాపిడి తగ్గిస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ అంతకంటే చాలా పనులు చేస్తుంది. మెకానిక్‌లు దీన్నే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అంటారు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు చేరవేసేది ఈ ద్రవమే. లోపలి పంపు దీన్ని అడుగున ఉన్న పాన్ నుంచి ఫిల్టర్ గుండా లాగి, ఒత్తిడితో వాల్వ్ బాడీలోకి పంపుతుంది. అక్కడి సన్నని దారుల గుండా వెళ్ళి ఏ క్లచ్‌ను ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో ఆ పని జరిపించేది కూడా ఇదే. పైగా గేర్లకు, బేరింగ్‌లకు జారుడునిస్తుంది. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకెళ్తుంది.

వీటన్నిటిలో సున్నితమైన పని క్లచ్ ప్లేట్ల దగ్గర ఉంటుంది. ప్లేట్లు కలిసేటప్పుడు మరీ గట్టిగా పట్టేస్తే కుదుపు వస్తుంది, మరీ జారితే వేడెక్కి కాలిపోతాయి. ఈ పట్టు సరిగ్గా ఉండేలా ఆయిల్‌లో ప్రత్యేక రసాయనాలు కలుపుతారు. ఒకప్పుడు దీనికి స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె వాడేవారు. 1970ల మొదట్లో అమెరికాలో దాని వాడకం ఆగిపోయాక తయారీదారులు కొత్త రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రసాయనాలు వాడకంలో క్రమంగా తరిగిపోతాయి. ఆయిల్ చూడటానికి ఎర్రగానే ఉన్నా, దాని గుణం తగ్గిపోయి ఉండవచ్చు.

ఆయిల్‌ను ముసలిది చేసేది ముఖ్యంగా వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయిల్ ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆక్సీకరణ చెందిన ఆయిల్ సన్నని జిగురు పొరలా వాల్వుల మీద పేరుకుంటుంది. వాల్వు బిగుసుకుంటే గేరు ఆలస్యంగా పడుతుంది. దీనికి తోడు క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి, ఇనుప రజను ఆయిల్‌లో తిరుగుతూ ఉంటాయి. వాటిని పట్టి ఉంచడానికే ఫిల్టర్, పాన్ అడుగున అయస్కాంతాలు ఉన్నాయి.

ఎప్పుడు మార్చాలి

మొదట చూడాల్సింది మీ కారు మాన్యువల్. అందులో సాధారణ వాడకానికి ఒక గడువు, కఠినమైన వాడకానికి వేరొక గడువు ఉంటాయి. ఆగుతూ సాగే ట్రాఫిక్, ఘాట్ రోడ్లు, విపరీతమైన ఎండ, వెనక ట్రెయిలర్ లాగడం, ఇవన్నీ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. నగరాల్లో నడిచే కార్లు చాలావరకు ఈ రెండో రకంలోకే వస్తాయని నా అభిప్రాయం. యజమానులు మాత్రం తమది సాధారణ వాడకమే అనుకుంటారు.

కొన్ని మాన్యువళ్ళలో ఆయిల్ ‘లైఫ్‌టైమ్’ అని రాసి ఉంటుంది, అంటే మార్చక్కర్లేదని. ఈ మాటను అక్షరాలా నమ్మవద్దు. ఎన్నో పెద్ద కంపెనీల కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు గానీ, 8 ఏళ్ళకు గానీ ఆయిల్ మార్చమని సిఫార్సు చేస్తుంది. గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్ళే మార్చమంటున్నప్పుడు అదే సరైన మాటగా తీసుకోవాలి. మాన్యువల్‌లో ఏ అంకే లేకపోతే, సాధారణ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌కు 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్చడం భద్రమైన పద్ధతి. కారు ఎక్కువ కాలం ఉంచుకోవాలనుకునేవాళ్ళకు ఇది మరీ అవసరం.

చాలా పాత కారు, ఒక్కసారీ మార్చని ఆయిల్ అయితే ఏం చేయాలి? ‘ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది’ అనే మాట ఎక్కడో ఒక చోట వినే ఉంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కానీ కారణం వేరు. బాగా అరిగి జారుతున్న క్లచ్‌లు ఉన్న గేర్‌బాక్స్ ఎలాగూ చివరి దశలో ఉంటుంది. ఆయిల్ మార్చినంత మాత్రాన అది బాగుపడదు, కొన్నాళ్ళకు ఆగిపోతుంది. నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. గేర్లు సాఫీగా పడుతూ, జారడం లేకుండా ఉన్న కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఆయిల్ మార్చుకోవచ్చు. అప్పటికే జారుతుంటే, ఆయిల్ కాలిన వాసన వస్తుంటే, ముందు గేర్‌బాక్స్ పని తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించండి. డబ్బు పెట్టాల్సింది ఆయిల్ మీదా, మరమ్మతు మీదా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

మీ గేర్‌బాక్స్ ఏ రకమో తెలుసుకోండి

ఈ వ్యాసం టార్క్ కన్వర్టర్, క్లచ్ ప్లేట్లు ఉన్న మామూలు ఆటోమేటిక్ గురించి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచేది), డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో పనిచేసేది) గేర్‌బాక్స్‌లకు ఆయిల్ వేరు, పద్ధతీ కొంత వేరు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పాడవుతుంది. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కే యంత్రం అమర్చినది. దానిలో ఇక్కడ చెప్పే పాన్, ఫిల్టర్ పని ఉండదు.

రెండో ప్రశ్న, ఫిల్టర్ అందుబాటులో ఉందా? వెనక చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో చాలావరకు పాన్ దించితే ఫిల్టర్ కనిపిస్తుంది. కొన్ని ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఫిల్టర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, మొత్తం విప్పితే గానీ అందదు. అలాంటి వాటిలో ప్లగ్ తీసి ఆయిల్ దింపి పోయడమే చేయాలి. మరికొన్నిటిలో ప్లాస్టిక్ పాన్‌లోనే ఫిల్టర్ కలిసి ఉంటుంది. జెడ్‌ఎఫ్ ఆరు, ఎనిమిది గేర్ల గేర్‌బాక్స్‌లు చాలావరకు ఇలాంటివే. వాటికి పాన్ మొత్తం కొత్తది వేయాలి. విడిభాగాలు కొనే ముందే ఇది తేల్చుకోండి.

సరైన ఆయిల్

ఇక్కడ రాజీ పడకూడదు. ‘ఏదైనా ఎర్ర ఆయిల్ పోస్తే చాలు’ అనే రోజులు పోయాయి. డెక్స్రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1, నిస్సాన్ మ్యాటిక్ ఎస్, హ్యుందాయ్ ఎస్‌పీ-4, క్రైస్లర్ ఏటీఎఫ్ ప్లస్ 4, జెడ్‌ఎఫ్ లైఫ్‌గార్డ్, ఇలా ప్రతి గేర్‌బాక్స్‌కూ ఒక ప్రమాణం ఉంటుంది. వీటి చిక్కదనం వేరు, క్లచ్‌ను పట్టే గుణం వేరు. చిక్కటి పాత ప్రమాణం ఆయిల్‌ను, పలచటి ఆయిల్ అడిగే కొత్త గేర్‌బాక్స్‌లో పోస్తే గేర్లు పడే తీరే మారిపోతుంది.

కంపెనీ పేరున్న డబ్బానే కొనాలని నియమమేమీ లేదు. బయటి మంచి కంపెనీల ఆయిల్ కూడా వాడవచ్చు. కానీ డబ్బా మీద మీకు కావాల్సిన ప్రమాణం పేరు స్పష్టంగా రాసి ఉండాలి. ‘అన్ని రకాల ఆటోమేటిక్‌లకూ సరిపోతుంది’ అన్న ఒక్క మాట చూసి కొనకండి. రంగు చూసి కూడా నిర్ణయించకండి, ఎందుకంటే ఆకుపచ్చ, పసుపు రంగు ఏటీఎఫ్‌లు కూడా ఉన్నాయి. మాన్యువల్‌లో రాసిన కొలత కంటే ఒకటి రెండు లీటర్లు ఎక్కువే తెచ్చిపెట్టుకోండి. మధ్యలో చాలకపోతే కారు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోతుంది.

చేతిలో ఉండాల్సినవి

ఆయిల్, ఫిల్టర్, పాన్ గ్యాస్కెట్ (లీకు కాకుండా పాన్ అంచున వేసే పట్టీ), ఆయిల్ దింపే డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త వాషర్ ముందు తెచ్చుకోండి. సాకెట్ సెట్టు, అల్లెన్ కీలు, తక్కువ బిగువు కొలిచే చిన్న టార్క్ రెంచ్, వెడల్పాటి తొట్టి, సన్నని గొట్టం ఉన్న చేతి పంపు, గరాటు, బ్రేక్ క్లీనర్, నూలు పోగులు రాలని గుడ్డలు కావాలి. కొలత గీతలున్న పాత డబ్బాలు కూడా దగ్గర ఉంచుకోండి, తీసిన ఆయిల్‌ను కొలవాలి. ఆయిల్ ఉష్ణోగ్రత చదవడానికి ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు కలిపి చూసే పరికరం) ఉంటే చాలా మేలు. చేతి గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, పాన్ కింద పడుకుని చూస్తున్నప్పుడు పై నుంచి ఆయిల్ కళ్ళలో పడే అవకాశం ఎక్కువ.

కారు ఎత్తడానికి జాక్ ఒక్కటే చాలదు. జాక్ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. నాలుగు వైపులా జాక్ స్టాండ్లు పెట్టి, కారు నేలకు సమాంతరంగా ఉండేలా చూడాలి. ముందు భాగం మాత్రమే ఎత్తితే ఆయిల్ వెనక్కి చేరి లెవెల్ తప్పు చూపిస్తుంది. సర్వీసింగ్ గుంత గానీ, లిఫ్ట్ గానీ దొరికితే అన్నిటికంటే మంచిది.

మొదటి అడుగు: కాస్త వేడి చేసి, నింపే ప్లగ్ ముందు తీయండి

కారును పది నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉన్న ఆయిల్ చక్కగా జారుతుంది, మురికి కూడా దానితో పాటు వస్తుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు మాత్రం విప్పవద్దు. పూర్తి వేడి మీద ఆయిల్ 80, 90 డిగ్రీల దాకా ఉంటుంది, చెయ్యి కాలుతుంది.

దింపే ప్లగ్ కంటే ముందు పోసే ప్లగ్ విప్పి చూడండి. ఇది పెద్దగా ఎవరూ చెప్పని జాగ్రత్త, కానీ చాలా ముఖ్యం. పోసే ప్లగ్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండి, మీరు అప్పటికే ఆయిల్ అంతా దింపేసి ఉంటే, ఖాళీ గేర్‌బాక్స్‌తో కారు కదలలేని స్థితిలో చిక్కుకుంటారు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉన్న కార్లలో ఈ ఇబ్బంది లేదు, దాని గొట్టంలోనే పోయవచ్చు.

మరో జాగ్రత్త. కొన్ని కార్లలో ఇంజిన్ ఆయిల్ ప్లగ్, గేర్‌బాక్స్ ప్లగ్ దగ్గర దగ్గరగా ఉంటాయి. మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చి చూసుకోకుండా ఏదీ తిప్పకండి.

రెండో అడుగు: ఆయిల్ దింపి, కొలవడం

డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్ తొట్టిలోకి వదలండి. టయోటా కొత్త మోడళ్ళలో ప్లగ్ తీశాక కొద్దిగా మాత్రమే కారి ఆగిపోతుంది. లోపల నిలువుగా ఒక చిన్న గొట్టం ఉంటుంది, లెవెల్ చూడటానికి పెట్టినది. దాన్ని అల్లెన్ కీతో విప్పితేనే మిగతా ఆయిల్ వస్తుంది. దాన్ని మళ్ళీ బిగించడం మరచిపోతే తర్వాత లెవెల్ లెక్కంతా తప్పుతుంది, అందుకని ప్లగ్ పక్కనే కళ్ళ ముందు పెట్టుకోండి.

కొన్ని పాన్‌లకు డ్రెయిన్ ప్లగ్ ఉండదు. అప్పుడు పాన్ బోల్టులన్నీ వదులు చేసి, ఒక మూల రెండు మూడు బోల్టులు ఉంచి మిగతావి తీసేయాలి. పాన్ రెండో మూల వైపు వంగి ఆయిల్ అటు నుంచి కారుతుంది. పాన్ అంటుకుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. అల్యూమినియం అంచు మీద ఒక్క గీత పడినా లీకు మొదలవుతుంది.

దిగిన ఆయిల్‌ను తప్పకుండా కొలవండి. ఎంత దిగిందో అంతే పోయడం మొదటి అంచనా. చల్లారాక కొలిస్తే లెక్క ఇంకా నమ్మదగ్గది.

పాన్‌లో కనిపించేవి ఏం చెబుతాయి

ఈ పని మొత్తంలో గేర్‌బాక్స్ ఆరోగ్యం కళ్ళారా చూసే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. కంగారుగా తుడిచేయకుండా వెలుతురులో చూడండి.

అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తని ముద్ద పేరుకుని ఉంటే భయం లేదు. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకుండా జారిపోతుంది. అది మామూలు అరుగుదల. సూదుల్లాంటి ఇనుప ముక్కలు, మెరిసే పొలుసులు కనిపిస్తే గేర్లో, బేరింగులో దెబ్బతింటున్నాయని అర్థం. ఇత్తడి రంగు పొలుసులు బుష్‌ల నుంచి వస్తాయి. నల్లటి ముక్కలు గుప్పెడు ఉంటే క్లచ్ పొర ఊడుతోందన్నమాట. అలాంటివి కనిపిస్తే ఫొటోలు తీసుకుని, తొట్టిలోని ఆయిల్ పారబోయకుండా ఉంచి మెకానిక్‌కు చూపించండి.

ఆయిల్ కొంచెం గోధుమ రంగుకు తిరగడం సహజమే. నల్లగా మారి మాడు వాసన కొడితే అది ఎక్కువ వేడికి గురైనట్టు. గులాబీ రంగులో స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా చిక్కగా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు గానీ కూలెంట్ గానీ కలిశాయి. రేడియేటర్‌లోనే ఆయిల్ కూలర్ ఉన్న కార్లలో లోపలి గోడ తూటుపడితే ఇలా జరుగుతుంది. అప్పుడు కొత్త ఆయిల్ పోసి ఊరుకోవడం కుదరదు, కూలెంట్ ఎక్కడ కలుస్తోందో ముందు ఆపాలి. క్లచ్ పొరలకు నీళ్ళు చాలా త్వరగా హాని చేస్తాయి.

మొదటిసారి పాన్ దించినప్పుడు కొన్ని కార్లలో చిన్న ప్లాస్టిక్ బిరడా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో డిప్‌స్టిక్ రంధ్రం మూయడానికి పెట్టి, తర్వాత లోపలికే నెట్టేసినది అది. దాన్ని చూసి ఏదో విరిగిందని టెన్షన్ పడకండి, తీసి పారేయండి.

మూడో అడుగు: ఫిల్టర్

ఫిల్టర్ రెండు నుంచి నాలుగు బోల్టులతో గానీ, కేవలం సీల్ బిగువు మీద గానీ నిలిచి ఉంటుంది. బోల్టుల పొడవు వేర్వేరుగా ఉండవచ్చు. అట్టముక్క మీద బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. ఫిల్టర్ లాగగానే పైన నిలిచిన ఆయిల్ మరికొంత పడుతుంది, తొట్టి కిందే ఉంచండి.

ఇప్పుడు పాత ఫిల్టర్ మెడకు సీల్ వచ్చిందో లేదో చూడండి. రాకపోతే అది పైన రంధ్రంలోనే అంటుకుని ఉంది. టార్చ్ వేసి చూసి, రంధ్రం గీసుకోకుండా జాగ్రత్తగా తీయాలి. పాత సీల్ ఉండగానే కొత్తది ఎక్కిస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చోదు. అప్పుడు పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, గేర్లు జారతాయి. కొత్తగా సర్వీసు చేసిన కారు జారుతోందంటే నేను ముందు అనుమానించేది ఈ సీల్‌నే, ఆ తర్వాత లెవెల్‌ను.

కొత్త ఫిల్టర్‌ను పాతదాని పక్కన పెట్టి ఎత్తు, మెడ పొడవు, ఆకారం పోల్చండి. సీల్‌కు కొత్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను నిటారుగా నెట్టి కూర్చోబెట్టండి.

నాలుగో అడుగు: పాన్ శుభ్రం చేసి, మళ్ళీ బిగించడం

పాన్‌ను, అయస్కాంతాలను బ్రేక్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పైన ఉన్న వాల్వ్ బాడీ మీద మాత్రం బ్రేక్ క్లీనర్ కొట్టవద్దు. అయస్కాంతాలు ఎక్కడివి అక్కడే పెట్టండి, చోటు మారితే ఫిల్టర్‌కు తగలవచ్చు. రేకు పాన్ అయితే బోల్టు రంధ్రాల చుట్టూ అంచు వంగిందేమో సమతలమైన బల్ల మీద పెట్టి చూడండి. ఇదివరకు ఎవరో అతిగా బిగించి ఉంటే అక్కడ గుంట పడి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా లీకు ఆగదు.

రబ్బరు, కార్క్ గ్యాస్కెట్‌లకు సిలికాన్ పూయనక్కర్లేదు, పూస్తే గ్యాస్కెట్ జారిపోయి పక్కకు తొలుగుతుంది. ఫ్యాక్టరీలో గ్యాస్కెట్ లేకుండా సీలంట్‌తోనే అంటించిన పాన్‌లకు మాత్రం అదే రకం సీలంట్ సన్నని గీతగా వేయాలి. ఎక్కువైనది లోపలికి పొంగి, ఊడి, ఫిల్టర్‌లో అడ్డుపడుతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పండి. తర్వాత ఎదురెదురుగా, మధ్య నుంచి మూలలకు వెళ్తూ రెండు విడతల్లో బిగించండి. ఇవి చిన్న బోల్టులు, చాలా కార్లలో 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువే అడుగుతాయి. మణికట్టు బలంతో తేలిగ్గా దాటిపోయే అంకె అది. అల్యూమినియంలో మర ఊడితే అది వేరే పెద్ద పని. అందుకే టార్క్ రెంచ్ వాడమని గట్టిగా చెబుతున్నాను. మీ కారుకు సరిపోయే అంకెను సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త వాషర్ వేసి బిగించండి.

ఐదో అడుగు: పోయడం, లెవెల్ చూడటం

దిగినంత ఆయిల్‌ను, అర లీటరు తగ్గించి, ముందు పోయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, కాలు బ్రేక్ మీద గట్టిగా ఉంచి, గేర్ లివర్‌ను పార్క్ నుంచి రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, ఇలా ఒక్కో చోట నాలుగైదు సెకన్లు ఆపుతూ అన్నిటిలో వేసి వెనక్కి తీసుకురండి. స్టాండ్ల మీద చక్రాలు గాల్లో ఉంటే తిరుగుతాయి, ఆ సమయంలో కారు చుట్టూ, కింద ఎవరూ ఉండకూడదు. దీంతో ఖాళీ అయిన దారుల్లోకి ఆయిల్ వెళ్తుంది, పాన్‌లో లెవెల్ దిగుతుంది.

ఇక అసలు విషయం. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 8 లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే ఇంచుమించు మూడో వంతు లీటరు పెరుగుతుంది. అందుకే ఏ ఉష్ణోగ్రతలో చూశారన్నది తెలియకుండా లెవెల్ అంకెకు అర్థం లేదు.

డిప్‌స్టిక్ ఉన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, ఆయిల్ పూర్తిగా వేడెక్కాక, ‘హాట్’ గీతల మధ్య చూడాలి. చాలా కార్లలో పార్క్‌లో, కొన్నిటిలో న్యూట్రల్‌లో చూస్తారు. హోండాలో వేడెక్కాక ఇంజిన్ ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడమంటారు. మీ కారు పద్ధతి ఏదో తెలియకుండా చూస్తే ఒక లీటరు తేడా కూడా వచ్చేస్తుంది.

డిప్‌స్టిక్ లేని కార్లలో పొంగిపోయే ప్లగ్ పద్ధతి ఉంటుంది. కారు సమంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత కంపెనీ చెప్పిన పరిధిలోకి రావాలి. చాలా గేర్‌బాక్స్‌లకు అది 35, 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడు లెవెల్ ప్లగ్ తీయండి. ఆయిల్ సన్నని ధారగా వచ్చి, తగ్గుతూ, చుక్కలుగా మారిన క్షణంలో ప్లగ్ మూసేయండి. ఏమీ రాకపోతే ఆయిల్ తక్కువ ఉన్నట్టు, వచ్చే దాకా పంపుతో పోయండి. మీరు తడుముకుంటూ ఉండగా ఉష్ణోగ్రత పరిధి దాటిపోతే అప్పుడు చూసిన లెవెల్ పనికిరాదు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. గంట ఆలస్యమైనా ఫరవాలేదు.

తక్కువైతే పంపు గాలి పీల్చి గేర్లు జారతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, ఆ నురగకు ఒత్తిడిని మోసే శక్తి ఉండదు, కొన్నిసార్లు బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) గుండా బయటకు చిమ్ముతుంది కూడా. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు.

పాత ఆయిల్ ఇంకా ఎంత మిగిలింది

పాన్ దించినా మొత్తం ఆయిల్ రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో చాలా నిలిచిపోతుంది. మొత్తం 8 లీటర్లు పట్టే గేర్‌బాక్స్ నుంచి 4 లీటర్లు దిగాయనుకుందాం. ఒకసారి మారిస్తే సగమే కొత్తది. కొన్ని రోజులు నడిపి మళ్ళీ ప్లగ్ ద్వారా దింపి పోస్తే నాలుగింట మూడు వంతులు కొత్తది అవుతుంది, మూడోసారికి 87 శాతం దాటుతుంది. రెండు, మూడు విడతల మధ్య ఫిల్టర్ మళ్ళీ మార్చక్కర్లేదు. గడువు ప్రకారం మారుస్తూ వచ్చిన కారుకు ఒక విడత చాలు. ఎప్పుడూ మార్చని కారుకు నేను రెండు మూడు విడతలే మేలంటాను.

మెషిన్ పెట్టి మొత్తం ఆయిల్ ఒకేసారి మార్చే పద్ధతీ ఉంది. కూలర్ పైపులకు కలిపి, గేర్‌బాక్స్ సొంత పంపు ఒత్తిడితోనే పాత ఆయిల్ బయటికి, అంతే కొత్తది లోపలికి పంపే మెషిన్ అయితే అభ్యంతరం లేదు, పాన్, ఫిల్టర్ పని కూడా చేసిన తర్వాతైతేనే. అదనపు ఒత్తిడి పెట్టేవి, లోపల ఘాటైన క్లీనర్ తిప్పేవి మాత్రం వద్దు. పాన్‌లో మురికి, పాత ఫిల్టర్ అలాగే ఉంచి ఆయిల్ మాత్రం తిప్పితే పని సగంలో ఆగినట్టే.

తర్వాత చూడాల్సినవి

మొదటి ప్రయాణం నెమ్మదిగా, అన్ని గేర్లూ పడేలా చేయండి. వచ్చాక పాన్ అంచు, ప్లగ్‌లు, చేతితో తడిమి చూడండి. ముందు బాగా తుడిచి ఉంచితేనే కొత్త లీకు తెలుస్తుంది. మర్నాడు ఉదయం కారు కింద అట్టముక్క పరచి చూడండి, తర్వాత వారంలో లెవెల్ ఇంకోసారి సరిచూడండి.

కొన్ని రోజుల పాటు గేర్లు కొంచెం భిన్నంగా పడినట్టు అనిపించవచ్చు. కొత్త కార్లలో కంప్యూటర్ పాత ఆయిల్, అరిగిన క్లచ్‌లకు తగ్గట్టు ఒత్తిళ్ళు నేర్చుకుని ఉంటుంది. కొత్త ఆయిల్‌తో అది మళ్ళీ నేర్చుకోవాలి. కొన్ని కంపెనీలు స్కానర్‌తో ఆ పాత లెక్కలు చెరపమంటాయి, కొన్ని వద్దంటాయి. మాన్యువల్ ఏమంటే అదే చేయండి. వారం దాటినా కుదుపు తగ్గకపోతే, ఇంజిన్ వేగం పెరిగినా కారు కదలకపోతే ముందు లెవెల్, తర్వాత ఫిల్టర్ సీల్ అనుమానించండి.

తేదీ, కిలోమీటర్లు, ఏ ప్రమాణం ఆయిల్, ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని పోశారు, ఏ ఉష్ణోగ్రతలో లెవెల్ చూశారు, ఇవన్నీ కారు పుస్తకంలో రాసిపెట్టండి. దిగినదాని కంటే చాలా ఎక్కువ పట్టిందంటే ఇదివరకే ఆయిల్ తక్కువ ఉందన్నమాట, లీకు ఎక్కడో వెతకాలి. పాత ఆయిల్‌ను కాలువలో గానీ నేల మీద గానీ పోయవద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో నింపి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపుకో సేకరణ కేంద్రానికో ఇవ్వండి. దానిలో కూలెంట్, పెట్రోలు లాంటివి కలపకండి, కలిపితే వాళ్ళు తీసుకోరు.